పనావిడ కథను నాటికగా వేస్తారా? ముందు ఆమెకు మొదటి వరుసలో కుర్చీ వేయండి

ఉగాదికి రెండు నెలల ముందు నుంచే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మా అపార్టుమెంటులో తెలుగు కుటుంబాలు వంద దాకా ఉన్నాయండీ. ఏటా పాటలు, డాన్సులు, పులిహోర. ఈసారి ఏదైనా సామాజిక సమస్య మీద నాటిక వేద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?" మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ... బెంగళూరులో ఏ మూల నుంచి అడిగినా ప్రశ్న అదే. ఒక్కొక్కరికీ ముప్పావు గంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మీకూ నాకూ సుఖం.

అయితే ఒక షరతు. జనం కళ్ళు తుడుచుకుని, "అయ్యో పాపం" అనుకుని, పులిహోర పొట్లం తీసుకుని ఇంటికి వెళ్ళిపోయే నాటిక ఎలా వేయాలో నేను చెప్పను. అది ఎవరూ నేర్పకుండానే వస్తుంది. మా మొదటి నాటిక అలాంటిదే. ఇళ్ళలో పని చేసే ఆవిడ కష్టాల మీద వేశాం. హాలంతా ముక్కులు ఎగబీల్చిన చప్పుడు, ఆపైన ఆగని చప్పట్లు. ఆ సమయంలో హాలు వెనక నిలబడి కాగితపు కప్పుల్లో టీ పోస్తున్నది ఎవరో కాదు, ఎవరి కథ విని మేము ఆ నాటిక రాసుకున్నామో ఆవిడే. ఆమెకు ఒక కుర్చీ వేయాలని మాలో ఒక్కరికీ తోచలేదు. జాలి పడటానికి మనం దేన్నీ మార్చుకోనక్కరలేదని ఆ రోజు తెలిసింది.

ఆ తరువాత పద్ధతి మార్చుకున్నాం. అదే ఇక్కడ చెబుతున్నాను. ఉదాహరణ ఇంటి పనివారిదే తీసుకున్నాను గానీ, ఇల్లు అద్దెకు అడిగినవారి కులం ఆరా తీయడం, కోడలి ఉద్యోగం, పిల్లల మార్కుల బాధ, వయసు మళ్ళిన తల్లిదండ్రుల ఒంటరితనం, ఏ విషయమైనా దారి ఇదే.

పద్ధతి పేరు ఫోరం థియేటర్. బ్రెజిల్ దర్శకుడు ఆగుస్తో బోవాల్ దీనికి రూపం ఇచ్చాడు. ఒక చిక్కు పరిస్థితిని పరిష్కారం లేకుండా చిన్న నాటికగా చూపిస్తారు. వెంటనే మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆగండి" అని లేచి, పాత్రధారిని పక్కకు తప్పించి, తామైతే ఏం చేసేవారో చేసి చూపించవచ్చు. కుర్చీలోంచి సలహా ఇస్తే చెల్లదు. 1973లో పెరూలో బోవాల్ బృందం, భర్త చేతిలో మోసపోయిన ఒక స్త్రీ కథ వేస్తుండగా ప్రేక్షకుల్లో ఒకావిడ సలహా ఇచ్చింది. నటులు ఎన్ని రకాలుగా చేసినా "నేను చెప్పింది అది కాదు" అంది. చివరికి విసిగి తనే వేదిక మీదికి వచ్చి, చీపురు అందుకుని, భర్త పాత్రధారికి తన ఉద్దేశం ఏమిటో స్పష్టంగా తెలియజేసింది. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

ఏమేం కావాలి

నటులు నలుగురు లేదా ఐదుగురు. నటన అనుభవం అక్కరలేదు; ఆలస్యంగా రాని అలవాటు కావాలి. ప్రేక్షకులతో మాట్లాడటానికి ఒక సూత్రధారుడు. బోవాల్ ఈ మనిషిని జోకర్ అన్నాడు, పేకముక్కల్లో ఏ పక్షానికీ చెందని ముక్క లాగా. మనకు సూత్రధారుడు అనే మాట ఎలాగూ ఉంది. ఈ పనికి అసోసియేషన్ అధ్యక్షుణ్ణి పెట్టకండి. ఆయన మైకు వదలడు.

ఆరు వారాల సమయం, వారానికి రెండు రిహార్సల్స్. ఒక్కోటి గంటన్నర.

అరవై నుంచి ఎనభై మంది పట్టే గది. వేదిక వద్దు. క్లబ్ హౌస్ నేల మీదే ఆడండి, చుట్టూ అర్ధచంద్రాకారంలో కుర్చీలు. వేదికకు మెట్లుంటే ప్రేక్షకులు ఎక్కరు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన జనసంస్కృతి అనే బృందం పల్లెల్లో ఈ పద్ధతిలోనే ఆడుతున్నది. మీ దగ్గర కాలర్ మైకులు లేవని దిగులు పడకండి.

డబ్బు నాలుగైదు వేలకు మించదు. అందులో సగం ఎవరికి వెళ్ళాలో రెండో మెట్టులో చెబుతాను.

అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి, విషయం ఏమిటో ముందే చెప్పి మరీ. ఆరుబయట, వీధిలో ఆడాలనుకుంటే స్థానిక పోలీసు స్టేషన్‌లో అడగాలి. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు వాడటానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి సాయంత్రం ఆరుకే మొదలుపెట్టండి.

మెట్టు 1. సమస్యను ఒక నిమిషానికి కుదించండి

"ఇంటి పనివారి సమస్యలు" అన్నది నాటిక విషయం కాదు, సదస్సు విషయం. మీకు కావలసింది ఒక నిమిషం. ఎవరో ఒక నిర్ణయం తీసుకున్న, వేరే నిర్ణయం తీసుకునే వీలున్న నిమిషం. గేటు దగ్గర బ్యాగు తెరిచి చూపించమన్న క్షణం. లిఫ్టులో ఆమె ఎక్కబోతుంటే ఎవరో "తరువాత రండి" అన్న క్షణం. టీ ఇచ్చేటప్పుడు కిటికీ మీద విడిగా ఉంచిన స్టీలు గ్లాసు వైపు చెయ్యి వెళ్ళిన క్షణం.

పరీక్ష: మీ విషయాన్ని "అప్పుడు ఆమె/అతడు..." అని మొదలయ్యే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "సమాజంలో" అనే మాటతో మొదలైతే ఇంకా దొరకలేదన్న మాట.

మెట్టు 2. వెళ్ళి వినండి, వినిపించినందుకు డబ్బివ్వండి

ఇద్దరు వెళ్ళండి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. ఎవరింట్లో ఆమె పని చేస్తున్నదో ఆ ఇంటివారు మాత్రం వెళ్ళకూడదు. యజమానికి ఎదురుగా ఎవరూ నిజం చెప్పరు, మీరూ మీ మేనేజరుకు చెప్పరు. ఆమెకు రెండిళ్ళ పని పోకుండా, ఆమె చెప్పిన సమయానికి, వీలైతే ఆమె ఇంటి దగ్గరే కలవండి. ఆ గంటకు ఆమె సంపాదన ఎంతో అంతకు తగ్గకుండా ఇవ్వండి. బడ్జెట్‌లో సగం అన్నది ఇందుకే. కొందరు దీన్ని వింతగా చూస్తారు, "కథ చెప్పడానికి డబ్బా?" అని. ఆఫీసులో మనం మీటింగుల్లో కూర్చున్నందుకే కదా జీతం తీసుకుంటున్నాం.

"మీకు అప్పుడు ఏమనిపించింది?" అని అడగకండి. "బాధేసింది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "అప్పుడు మీ చేతిలో ఏముంది?" అని అడగండి. "తడి గుడ్డ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను" అని ఒకావిడ మాకు చెప్పింది. మా నాటికలో జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఆ తడి గుడ్డే. ఇంకో మంచి ప్రశ్న: "ఆ తరువాత ఎవరికి చెప్పారు?" చాలాసార్లు జవాబు "ఎవరికీ చెప్పలేదు" అని వస్తుంది. వచ్చినప్పుడు మీరూ కాసేపు ఊరుకోండి.

మరో వైపు కూడా వినాలి. ఇల్లాలినీ, గేటు దగ్గర సెక్యూరిటీ అతన్నీ అడగండి. అతను బ్యాగు తెరవమన్నది తనకు సరదా అయి కాదు, తెరవకపోతే తన ఉద్యోగం పోతుంది కాబట్టి. ఇది తెలియకపోతే మీ నాటికలో అతను దుర్మార్గుడైపోతాడు.

మెట్టు 3. కథ మార్చండి, చూపించి అనుమతి అడగండి

పేరు, ఊరు, పిల్లల సంఖ్య, ఫ్లాటు నంబరు, జబ్బు, అన్నీ మార్చండి. ఒక్కరి కథే వాడకుండా ముగ్గురి అనుభవాలు కలిపితే ఇంకా క్షేమం. స్క్రిప్టు తయారయ్యాక చెప్పినవారికి చదివి వినిపించండి. "ఇది తీసేయండి" అంటే వాదించకుండా తీసేయండి, ఎంత గొప్ప సన్నివేశమైనా సరే. ఇక్కడ తప్పు జరిగితే మీకు పోయేది ఒక సాయంత్రం. ఆమెకు పోయేది నెల జీతం.

మెట్టు 4. విలన్‌ను తీసేయండి

ఈ మెట్టు దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే నాకు వచ్చే స్క్రిప్టుల్లో పదికి తొమ్మిది ఇక్కడే పడిపోతాయి.

మా మొదటి నాటికలో ఇల్లాలు పట్టుచీర కట్టుకుని, సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, పనావిడ మీదికి గ్లాసు విసిరేది. హాల్లో ఉన్న యాభై మంది ఇల్లాళ్ళూ ఆమెను అసహ్యించుకున్నారు. ఎవరూ గ్లాసు విసరరు కాబట్టి ఎవరికీ తగల్లేదు. అందరూ నిశ్చింతగా ఇళ్ళకు వెళ్ళారు.

రెండోసారి ఇలా రాశాం. ఉదయం ఎనిమిదీ నలభై. స్వాతికి తొమ్మిదింటికి ఆఫీసు మీటింగు. అత్తగారికి టిఫిను పెట్టాలి, బాబు షూ కనబడటం లేదు. భర్త కిరణ్ బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. రత్నమ్మ గుమ్మం దగ్గర తడి గుడ్డతో నిలబడింది.

రత్నమ్మ: అక్కా, రేపు నేను రాలేను. మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
స్వాతి: నెలలో ఇది మూడోసారి రత్నమ్మా. నువ్వు రాకపోతే నేనూ సెలవు పెట్టాలి. నాకు సెలవిచ్చేది ఎవరు?
రత్నమ్మ: రెండు రోజులుగా జ్వరం తగ్గలేదక్కా.
స్వాతి: సరే, వెళ్ళు. కానీ ఈసారి జీతంలో కోత వేస్తాను.
(కిరణ్ తలెత్తి ఇద్దరినీ చూస్తాడు. మళ్ళీ తల దించుకుంటాడు.)

స్వాతి అబద్ధం చెప్పలేదు, తిట్టలేదు. ఆమె కష్టమూ నిజమే. చూస్తున్న ఇల్లాలికి తన ఉదయం కనిపిస్తుంది, తన నోటి మాట వినిపిస్తుంది. అసలు ఆట అక్కడ మొదలవుతుంది. కిరణ్‌కు ఒక్క డైలాగు కూడా రాయలేదని గమనించండి. అది మరచిపోయి కాదు.

పరీక్ష: స్క్రిప్టును ఆ సమస్యతో సంబంధం లేని స్నేహితురాలికి చదివించి, "ఇందులో చెడ్డవారు ఎవరు?" అని అడగండి. టక్కున జవాబు చెప్పగలిగితే మళ్ళీ రాయండి.

నాటిక నిడివి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. చివర పరిష్కారం పెట్టకండి. స్వాతి తప్పు తెలుసుకుని రత్నమ్మ చేతులు పట్టుకునే సన్నివేశం రాయాలని చెయ్యి లాగుతుంది. కట్టేసుకోండి.

మెట్టు 5. పిలుపులు, యాస

పై సన్నివేశంలో రత్నమ్మకు యాభై ఏళ్ళు, స్వాతికి ముప్పై రెండు. అయినా పెద్దావిడ చిన్నామెను "అక్కా" అంటున్నది, చిన్నామె పెద్దావిడను "నువ్వు" అంటున్నది. మన ఇళ్ళలో ఇది ఎవరి చెవికీ తగలదు. నాటికలో దీన్ని ఎత్తి చూపే డైలాగు రాయకండి, అలాగే ఉంచండి. ఒక ప్రదర్శనలో ప్రేక్షకుల్లోంచి వచ్చిన ఇంజినీరింగు అమ్మాయి, స్వాతి కూతురి పాత్ర కల్పించుకుని, "రత్నమ్మగారూ, మీరు కూర్చోండి" అంది. అంతే. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు, తరువాత ఎవరూ నవ్వలేదు.

యాస గురించి గట్టి హెచ్చరిక. బెంగళూరులో ఇళ్ళ పనికి వచ్చేవారిలో చాలామంది కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు తెలుగువాళ్ళు. నగర వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లోనూ తెలుగు ఇళ్ళవారు ఎందరో తరాలుగా ఉన్నారు. వాళ్ళ తెలుగులో కన్నడం కలుస్తుంది. కోస్తా నుంచి వచ్చిన మన నటీమణి ఆ పలుకుబడిని అనుకరిస్తే మొదటి వాక్యానికే నవ్వు వస్తుంది. ఒకసారి నవ్విన ప్రేక్షకుడు ఆ పాత్రను మళ్ళీ తనతో సమానంగా చూడడు. పాత్రధారికి సొంతంగా ఆ యాస ఉంటే సరే, లేకపోతే మామూలు తెలుగులోనే మాట్లాడించండి. చూసేవారిలో కన్నడిగులు, తమిళులు ఉంటే సూత్రధారుడు కన్నడంలోనూ నాలుగు మాటలు చెప్పగలగాలి. కన్నడంలో వీధి నాటకానికి సముదాయ బృందం 1970ల నుంచి బాట వేసింది, ఈ ఊళ్ళో ఆ భాషలో ఇలాంటి ఆట ఎవరికీ కొత్త కాదు.

మెట్టు 6. రిహార్సల్

మొదటి రెండు వారాలు స్క్రిప్టు పట్టుకోకండి. మాటల్లేకుండా బొమ్మల్లా నిలబడే ఆట ఆడండి. "లిఫ్టు" అనగానే నలుగురూ ఒక దృశ్యంగా నిలబడాలి. ఎవరు మధ్యలో, ఎవరు మూలకు, ఎవరి చూపు నేల మీద. డైలాగుల కన్నా ఎక్కువ సంగతులు దీంట్లో బయటపడతాయి.

మూడో వారం నుంచి పాత్రలు మార్చుకోండి. స్వాతి వేసే ఆమె ఒక రోజంతా రత్నమ్మ వేయాలి. గుమ్మం దగ్గర పది నిమిషాలు తడి గుడ్డతో నిలబెట్టండి, ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. మా బృందంలో ఒకరు ఆ పది నిమిషాల తరువాత ఇంటికి వెళ్ళి కిటికీ మీది గ్లాసు తీసేశారు. మాకు మూడు నెలల తరువాత చెప్పారు.

చివరి వారం బయటివారిని ఐదారుగురిని పిలిచి రెండోసారి ఆట సాధన చేయండి. అడ్డదిడ్డమైన ప్రేక్షకుడిగా ఒకరిని ముందే కుదుర్చుకుంటే నటులకు ధైర్యం వస్తుంది. పాత్రను మరీ సులువుగా లొంగనివ్వకూడదని నటులకు నేర్పండి. మంచి మాట ఒకటి చెప్పగానే స్వాతి కరిగిపోతే అది స్వాతి కాదు.

మెట్టు 7. ప్రదర్శన రోజు

మొదటి వరుస ఇంటి పనివారికి, సెక్యూరిటీ వారికి, హౌస్‌కీపింగ్ వారికి. ఆహ్వానం చేతికి ఇచ్చి పిలవండి. వాళ్ళ డ్యూటీ సమయం కనుక్కుని ప్రదర్శన వేళ పెట్టండి. ఆ సాయంత్రం టీ పంచే పని అసోసియేషన్ సభ్యులది. రాలేమన్నవారిని బలవంతం చేయవద్దు. యజమానుల మధ్య కూర్చుని తన కథ చూడటం అందరికీ ఇష్టం ఉండదు. వాళ్ళకు విడిగా ముందురోజు ఆడి చూపించడం ఇంకో మార్గం. నిజానికి మాకు బాగా పనికొచ్చిన సవరణలన్నీ అలాంటి ముందురోజు ఆటలోనే వచ్చాయి.

మొదలయ్యాక తలుపు మూసేయండి. జె.పి. నగర్‌లోని రంగశంకర నాటకశాలలో ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి పంపరు, ఎంతటివారైనా సరే. మొదటి ఆట చూడనివారు రెండో ఆటలో లేచి మాట్లాడితే అంతా గందరగోళం అవుతుంది.

గృహహింస, ఆత్మహత్య, పిల్లల మీద లైంగిక హింస వంటి విషయమైతే మొదటే చెప్పండి, వెళ్ళిపోదలచినవారు వెళ్ళవచ్చని కూడా చెప్పండి. కొట్టడం చూపించకండి, తలుపు మూసుకున్న శబ్దం చాలు. ఆత్మహత్య ఎలా జరిగిందన్నది అసలే వద్దు. తలుపు దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళితే వెనకే వెళ్ళడానికి. గోడ మీద పెద్ద అక్షరాలతో నంబర్లు రాసి పెట్టండి: మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, అత్యవసరానికి 112. నిజం చెప్పాలంటే, ఈ విషయాలను మొదటి నాటికకు ఎంచుకోకండి. ఒకటి రెండు తేలికైనవి ఆడాక చూద్దాం.

మెట్టు 8. రెండోసారి ఆట

మొదటి ఆట అయిపోగానే సూత్రధారుడు వచ్చి అడగాల్సింది ఒకటే: "ఇలా జరగడం మీరు చూశారా?" మంచిదా చెడ్డదా, ఎవరిది తప్పు అని అడిగితే చర్చాగోష్ఠి మొదలవుతుంది. చేతులు లేచాక, "మళ్ళీ వేస్తాం. ఎక్కడ ఎవరు వేరేగా చేయవచ్చు అనిపిస్తే అక్కడ 'ఆగండి' అనండి" అని చెప్పి మొదలుపెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు ఎవరూ లేవరు. భయపడకండి, మాట్లాడి ఆ మౌనాన్ని పూడ్చకండి. ఇద్దరేసి చొప్పున పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడుకోమంటే ఎవరో ఒకరు లేస్తారు. తరచుగా మొదట లేచేది పిల్లలే.

నియమాలు మూడు. లేచినవారు సాధారణంగా అన్యాయం జరిగిన పాత్రనో, చూస్తూ ఊరుకున్న పాత్రనో తీసుకోవాలి. స్వాతిని తీసుకుని "సరే రత్నమ్మా, జీతంతో సెలవు" అనేస్తే ఆట ఒక్క ముక్కలో అయిపోతుంది. నేర్చుకునేది ఏమీ ఉండదు. రెండోది, ఎవరినీ తాకకూడదు. పెరూ చీపురు పెరూలోనే ఉండనివ్వండి. మూడోది, జరగడానికి వీల్లేని పరిష్కారం చూపిస్తే ప్రేక్షకులందరూ "మాయ!" అని అరవవచ్చు. ఒకసారి ఒకాయన రత్నమ్మగా వచ్చి కార్మిక చట్టం మీద పది నిమిషాలు ఉపన్యసించాడు. మొదటి వరుసలోంచి ఒకావిడ, "మాయ! అలా మాట్లాడితే సాయంత్రానికి ఇంకో ఆమె వస్తుంది" అంది. ఆ రోజుకు అంతకన్నా మంచి వాక్యం మా స్క్రిప్టులో లేదు.

మా ప్రదర్శనల్లో చాలాసేపు అందరూ రత్నమ్మనే మారుస్తారు. ఆమె ధైర్యంగా మాట్లాడాలి, ముందే చెప్పాలి, యూనియన్ పెట్టాలి. అన్యాయం జరిగినవారే దాన్ని సరిచేసుకోవాలన్న మాట. సూత్రధారుడు అప్పుడు తొందరపడకుండా, "ఈ గదిలో ఇంకా ఎవరున్నారు?" అని ఒక్క ప్రశ్న వేయాలి. ఓసారి పదహారేళ్ళ కుర్రాడు లేచి కిరణ్ కుర్చీలో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ మూసి, "రేపు టిఫిను నేను చేస్తాను, బాబును నేను దింపుతాను. కోత దేనికి?" అన్నాడు. స్వాతి పాత్రధారిణికి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఆ కుర్రాడి తండ్రి మూడో వరుసలో ఉన్నాడు. ఎవరూ "మాయ" అనలేదు గానీ, ఒకరిద్దరు తల్లులు అనబోయి ఆగారని నా అనుమానం.

ఐదారు ప్రయత్నాలు, నలభై నిమిషాలు. ఏది సరైన జవాబో సూత్రధారుడు చెప్పకూడదు.

మెట్టు 9. వేషం దించండి

జనం వెళ్ళాక నటులు గుండ్రంగా కూర్చుని, తమ పేరు చెప్పి, పాత్రకూ తమకూ ఉన్న తేడా ఒకటి చెప్పాలి. తిట్లు తిన్న పాత్రధారికి, తిట్టిన పాత్రధారికి ఇది ఇద్దరికీ అవసరమే. పది నిమిషాల పని, మానేయకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నేపథ్య సంగీతం. వేణువు మొదలుకాగానే జనం ఏడవడానికి సిద్ధపడతారు. తీసేయండి.

ఉపన్యాసం. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు గురజాడ ఎదుట ఉన్నది ఆడపిల్లలను అమ్ముకుంటున్న సమాజం. ఆయన వేదిక మీదికి పంపింది ఉపన్యాసకుణ్ణి కాదు, గిరీశాన్ని. నవ్వించడానికి వెనకాడకండి, కాకపోతే బలహీనుడి మీద కాదు.

చెప్పకుండా లిఫ్టులోనో ఫుడ్ కోర్టులోనో నిజంలా నటించి జనం ఏం చేస్తారో చూద్దామని కొందరు కుర్రవాళ్ళు ఉత్సాహపడతారు. బోవాల్ ఇలాంటి అదృశ్య నాటకాలు కూడా వేయించాడు, నిజమే. మీరు వేయకండి. ఎవరో ఫోనులో తీస్తారు, సందర్భం లేకుండా అది ఊరంతా తిరుగుతుంది.

వీడియో. రెండోసారి ఆటను రికార్డు చేయకూడదు. కెమెరా ఉంటే పనివారు లేవరు, లేచినా మనకు నచ్చేది మాట్లాడతారు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

చప్పట్లు, కన్నీళ్ళు లెక్కలోకి రావు. 2021లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో నాటకం చూడబోతున్న కొందరిని ముందు, మరికొందరిని చూశాక ప్రశ్నించి పోల్చారు. చూశాక జవాబిచ్చినవారిలో, వేదిక మీద కనిపించిన మనుషుల పట్ల సహానుభూతి ఎక్కువగా ఉంది, విరాళాలూ ఎక్కువ ఇచ్చారు. ఆ ఏర్పాటును మీరూ చిన్నగా చేసుకోవచ్చు. తలుపు దగ్గర పసుపు, నీలం చీటీలు కలిపేసి, ఎవరికి ఏది వస్తే అది పంచండి. పసుపు వచ్చినవారు ముందు నింపాలి, నీలం వచ్చినవారు తరువాత. పేరు రాయనక్కరలేదు. ప్రశ్నలు మూడు చాలు, అవీ పని గురించే: నెలకు ఎన్ని సెలవులు జీతంతో ఇవ్వడం న్యాయం? పనావిడ ఏ లిఫ్టు వాడాలి? ఆమె రాని రోజు పని ఎవరు చేయాలి? మూడో ప్రశ్న దగ్గర జవాబులు ఎంత మారాయో చూడండి.

ఎనభై చీటీలతో పెద్ద నిర్ధారణలు చేయకండి. అసలు పరీక్ష నెల తరువాత. లిఫ్టు పక్కన "పనివారు సర్వీసు లిఫ్టు మాత్రమే వాడాలి" అన్న బోర్డు ఉందా? అసోసియేషన్ సమావేశంలో సెలవుల మాట వచ్చిందా? ముందు మాట్లాడిన ఆవిడ దగ్గరకు మళ్ళీ వెళ్ళి "ఏమైనా మారిందా?" అని అడగండి. ఏమీ మారలేదంటే అదే రాసుకోండి. "ఇప్పుడు బాగా చూస్తున్నట్టు నటిస్తున్నారు" అని కూడా ఒకావిడ మాతో అంది. దాని మీదే మా తరువాతి నాటిక.

ఆరు వారాలు లేకపోతే

ఒక్క సన్నివేశం తీసుకోండి, పై స్వాతి-రత్నమ్మ సన్నివేశమే వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. కంఠస్థం చేయకుండా కాగితం చూసి చదవండి, నాలుగు నిమిషాలు. వెంటనే రెండోసారి ఆట. పది రోజుల్లో సిద్ధమవుతుంది. మెట్టు 2, మెట్టు 3 మాత్రం తగ్గించవద్దు. సమయం లేదని ఎవరినీ అడగకుండా ఊహించి రాసే పని అయితే ఈ ఉగాదికి డాన్సులే పెట్టుకోండి, వచ్చే సంక్రాంతికి మాట్లాడుకుందాం.